కొత్త కన్సోల్ వచ్చిన రోజే కొనాలా? సరిహద్దు ఊళ్ళ లెక్క వేరు

సోనీ వాళ్ళు తర్వాతి ప్లేస్టేషన్ మీద, అంటే టీవీకి తగిలించి వీడియో గేములు ఆడే పెట్టె (కన్సోల్) మీద పని చేస్తున్నారన్న సంగతి రహస్యమేమీ కాదు. ఆ కన్సోళ్ళ రూపకర్త మార్క్ సెర్నీ 2025 అక్టోబరులో చిప్పులు చేసే ఏఎండీ కంపెనీ అధికారితో కలిసి ఒక వీడియోలో కనిపించాడు. రెండు కంపెనీలూ కలిసి తయారు చేస్తున్న గ్రాఫిక్స్ టెక్నాలజీ కొన్నేళ్ళలో రాబోయే కన్సోల్‌లో ఉంటుందని చెప్పాడు. అదే ఏడాది జూన్‌లో మైక్రోసాఫ్ట్ కూడా ఏఎండీతోనే కలిసి తర్వాతి తరం ఎక్స్‌బాక్స్‌లు చేస్తున్నామని ప్రకటించింది. తేదీలు చెప్పలేదు, ధరలు చెప్పలేదు. అయినా మా పర్లాకిమిడిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళ మధ్య చర్చ అప్పుడే మొదలైపోయింది. మా అక్క కొడుకైతే ప్రీ-ఆర్డర్ తెరిచిన నిమిషంలోనే బుక్ చేసేస్తానని కూర్చున్నాడు. "మావయ్యా, నువ్వు సగం వెయ్యి, నేను సగం వేస్తాను" అని నా దగ్గరికి వచ్చాడు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఒడిశా సరిహద్దులో, అంటే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం లాంటి ఊళ్ళలో ఉండే తెలుగువాళ్ళం, మహారాష్ట్ర వైపు సిరోంచలోనో బల్లార్షాలోనో ఉండేవాళ్ళం, ఏ కన్సోల్‌నైనా వచ్చిన రోజు కొనకూడదు. మూడో ఏడు కొనాలి. డబ్బు లేక ఆగమని కాదు, చేతిలో డబ్బు ఉన్నా ఆగమనే చెబుతున్నాను. కన్సోల్ జీవితంలో రెండో సగమే మంచి సగమని, అది మన ఊళ్ళకి సరిగ్గా సరిపోతుందని నా గట్టి నమ్మకం.

నేను ఇక్కడ ఇన్వర్టర్లు, బ్యాటరీలు, స్టెబిలైజర్లు అమ్మి, బాగు చేసే షాపు నడుపుతాను. చిన్నప్పటి నుంచి ఆటలంటే ప్రాణం. టీవీకి తగిలించే కేసెట్ల వీడియో గేమ్ దగ్గర మొదలుపెట్టి, గంటకింత అని తీసుకునే పార్లర్లో పీఎస్2 (ప్లేస్టేషన్ 2) మీద ఆడి, ఇప్పుడు ఇంట్లో పీఎస్4 మీద ఆడుతున్నాను. ఆటలు టైమ్ వేస్ట్ అనుకునే మనిషి రాస్తున్న వ్యాసం కాదిది. కొత్త కన్సోల్ రావాలని, దాని మీద ఆడాలని నాకూ మా మేనల్లుడికి ఉన్నంత ఆశ ఉంది.

ఆగమనే వాళ్ళు మామూలుగా చెప్పే కారణం ఒకటుంది. ఆగితే ధర తగ్గుతుందంటారు. నేను ఆ మాట చెప్పను, ఎందుకంటే అది ఇప్పుడు నిజం కాదు. ఒకప్పుడు నిజమే. అమెరికాలో పీఎస్2 ధర 2000లో 299 డాలర్లు, 2002 మే నాటికి 199కి దిగింది. 2006లో 599 డాలర్లున్న పీఎస్3, 2009లో స్లిమ్ మోడల్ వచ్చేసరికి 299 అయింది. పీఎస్4 399 డాలర్లతో మొదలై 2016లో 299కి వచ్చింది. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో 3డీఎస్ అయితే 2011 మార్చిలో 249 డాలర్లకి వచ్చి ఆగస్టుకే 169 అయిపోయింది. ముందు కొన్నవాళ్ళ కోపం చల్లార్చడానికి కంపెనీ 20 పాత ఆటలు ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది.

పీఎస్5తో ఈ పద్ధతి తిరగబడింది. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న డిస్క్ మోడల్ 49,990 రూపాయలకి వచ్చింది. 2022 నవంబరులో అది 54,990 అయింది. 2024 ఏప్రిల్‌లో స్లిమ్ వచ్చింది, ధర అదే 54,990. అమెరికాలోనూ 499 డాలర్ల పెట్టె 2025 ఆగస్టులో 549 అయింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 499 నుంచి మొదలై 2025 అక్టోబరుకి 649 డాలర్లకి చేరింది. పూర్వం చిప్పు ఏటేటా చిన్నదై చవకయ్యేది, ఆ లాభంలో కొంత మనకీ దక్కేది. ఇప్పుడు చిన్న చిప్పు తయారు చేయడమే ఖరీదైపోయింది. పైగా ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్పుల్ని ఊడ్చుకుపోతున్నాయి. కాబట్టి 2021లో మొదటి రోజు కొన్నవాడు తర్వాత కొన్నవాడికంటే అయిదు వేలు తక్కువ పెట్టాడు. మా మేనల్లుడి బలమైన వాదన ఇదే. దీన్ని నేను కొట్టిపారేయను. రేపు వచ్చే కన్సోల్ మూడో ఏడు ఇంకో అయిదు వేలు పెరిగినా సరే, ఆ అయిదు వేలు పెట్టి మూడో ఏడే కొనమంటాను.

ఎందుకంటే మొదటి రోజు చేతికొచ్చే సరుకు వేరు, మూడో ఏడు వచ్చే సరుకు వేరు. పీఎస్5నే తీసుకోండి. మొదటి రోజు కొన్నవాడికి 825 జీబీ స్టోరేజి, అందులో ఆటలకి మిగిలేది 667 జీబీ దాకా. ఒక్కో పెద్ద ఆట వంద జీబీ తింటున్న కాలంలో అది ఏమూలకి? స్టోరేజి పెంచే ఇంకో ఎస్ఎస్‌డీ పెట్టుకోవడానికి లోపల స్లాట్ ఇచ్చారు గానీ, అది పని చేసింది 2021 సెప్టెంబరు అప్‌డేట్ తర్వాతే. అప్పటిదాకా పెట్టెలో ఉత్త ఖాళీ చోటు. 1440పీ (ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ మధ్య రకం) మానిటర్లకి సరైన సపోర్టు 2022 సెప్టెంబరులో వచ్చింది. అదే ఏడాది లోపలి చిప్పు కూడా మారి, కరెంటు తక్కువ తాగే మోడల్ బయటికొచ్చింది. స్లిమ్‌లో 1 టీబీ ఇచ్చారు. ఈ మార్పుల్లో ఒక్కదాన్నీ అద్భుతం అనను. కానీ అన్నీ కలిపి చూస్తే, కంపెనీ పెట్టెని పూర్తి చేసింది మొదటి కొనుగోలుదారుల ఇళ్ళలో అని తెలుస్తుంది.

ఆటల సంగతికి వస్తే ఇంకా స్పష్టం. మనం కొనేది ఆడటానికి. పీఎస్5 వచ్చిన రోజు దాని మీద మాత్రమే ఆడగలిగే పెద్ద ఆట డెమన్స్ సోల్స్. అది కూడా పీఎస్3 నాటి ఆటకి కొత్త రూపం. పెట్టెలోనే వచ్చిన ఆస్ట్రో ఆట ముచ్చటైనదే గానీ చిన్నది. అందరూ ఎదురుచూసిన స్పైడర్‌మాన్ మైల్స్ మొరాలిస్ పీఎస్4 మీదా వచ్చింది. 2022 ఫిబ్రవరిలో హొరైజన్ రెండో భాగం, మార్చిలో గ్రాన్ టురిస్మో 7, నవంబరులో గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్, ఇవన్నీ పీఎస్4 మీదా వచ్చినవే. నేను వాటిని నా పాత పెట్టె మీదే ఆడాను. లోడింగ్ ఆలస్యమయ్యేది, ఫ్యాన్ హోరుమనేది. అయినా కథ అదే, ఆట అదే. రిటర్నల్, రాచెట్ లాంటి ఒకటి రెండు మాత్రం నాకు అందలేదు, అందుకు కాస్త బాధపడ్డ మాట నిజమే. కానీ దాదాపు యాభై వేలు పెట్టాల్సినంత బాధ కాదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. పీఎస్3 వచ్చింది 2006లో. దాని మీద జీటీఏ 5 వచ్చింది 2013 సెప్టెంబరులో, లాస్ట్ ఆఫ్ అజ్ వచ్చింది అదే ఏడాది జూన్‌లో. అంటే పీఎస్4 గుమ్మంలోకి వచ్చేశాక, పాత పెట్టె చివరి రోజుల్లో. ఇప్పుడు ప్రపంచమంతా కాచుకుని ఉన్న జీటీఏ 6కి 2026 నవంబరు 19 తేదీ ప్రకటించారు. అది వచ్చేది 2020లో పుట్టిన కన్సోళ్ళ మీద, వాటికి ఆరేళ్ళు నిండాక. ఆటలు తయారు చేసేవాళ్ళకి ఒక యంత్రం ఒడుపు తెలియడానికి ఏళ్ళు పడుతుంది. ఒక పెద్ద ఆట తయారు కావడానికే నాలుగైదేళ్ళు కావాలి. కాబట్టి ఏ కన్సోల్ మీదైనా గొప్ప ఆటలు చివరి సగంలోనే పోగవుతాయి. మూడో ఏడు కొన్నవాడు వాటిలో దేన్నీ పోగొట్టుకోడు. మొదటి రెండేళ్ళలో వచ్చిన మంచివాటిని కూడా అప్పటికే తగ్గిన ధరలో తెచ్చుకుంటాడు.

ఈ వాదన హైదరాబాద్‌కీ బెంగళూరుకీ కూడా వర్తిస్తుంది. మన ఊళ్ళ ప్రత్యేకత ఇక్కడి నుంచి మొదలవుతుంది.

మొదటిది, వస్తువు చేతికి రావడం. పీఎస్5 అమెరికా, జపాన్‌లలో 2020 నవంబరు 12న వచ్చింది, మన దేశానికి రెండున్నర నెలల తర్వాత వచ్చింది. జనవరి 12న ప్రీ-ఆర్డర్లు తెరిస్తే నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత స్టాకు వచ్చినప్పుడల్లా ఇదే వరస. చిప్పుల కొరత ప్రపంచమంతా ఉంది, కొని ఎక్కువకి అమ్ముకునేవాళ్ళూ ప్రపంచమంతా ఉన్నారు. కానీ నగరంలో ఉన్నవాడికి షాపుకి వెళ్ళి అడిగే అవకాశమైనా ఉంటుంది. మాకు ఉన్నది ఆన్‌లైన్ ఒక్కటే. పిన్‌కోడ్ కొడితే "ఈ ప్రాంతానికి డెలివరీ లేదు" అని వచ్చేది. దాంతో ఇక్కడి కుర్రాళ్ళు శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉన్న చుట్టాల అడ్రసు ఇచ్చేవారు. పెట్టె అక్కడికి వస్తే, ఎవరో ఒకరు బస్సులోనో గుణుపురం పాసింజరులోనో ఒళ్ళో పెట్టుకుని తేవాలి. బిల్లు బాబాయి పేరు మీద, అడ్రసు వేరే రాష్ట్రంలో. రేపు వారంటీ కోసం వెళ్తే ఆ బాబాయినే మళ్ళీ బతిమాలుకోవాలి.

ఆత్రం ఆపుకోలేనివాళ్ళు గ్రే మార్కెట్ మీద పడ్డారు. దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చిన పెట్టెని పైన పది, పదిహేను వేలు వేసి అమ్మేవారు. మా బజారులోనే ఒకాయన కొడుకు కోసం అలాంటిది కొన్నాడు. కొన్ని నెలలకి టీవీకి బొమ్మ పంపే హెచ్‌డీఎంఐ పోర్టు పని చేయడం మానేసింది. దిగుమతి పెట్టెకి ఇక్కడ వారంటీ లేదన్నారు. అమ్మినవాడి ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు. కొన్నిటికి అసలు వేరే దారే ఉండదు. నింటెండో స్విచ్ ఇండియాలో అధికారికంగా అమ్మకానికే రాలేదు. పీఎస్5 ప్రో 2024 నవంబరులో ప్రపంచానికి వస్తే మనకి రాలేదు. అందులోని వైఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి అప్పటికి మన దేశంలో అనుమతి లేకపోవడమే కారణం. కొత్త యంత్రం మన గడప దాకా సవ్యంగా రావాలంటే కొరత తీరాలి, అనుమతులు రావాలి, మామూలు బిల్లుతో మామూలు ధరకి దొరకాలి. అందుకు ఏడాది, రెండేళ్ళు పడుతుందని పోయినసారి కళ్ళారా చూశాం.

రెండోది నా వృత్తికి సంబంధించింది. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

మా వైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి కాలబైశాఖి గాలివాన కొడుతుంది. చెట్ల కొమ్మలు తీగల మీద పడతాయి, పిడుగులు పడతాయి. తుఫానుల సంగతి చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ మా జిల్లాల్ని ఎలా ఊపేశాయో ఇక్కడివాళ్ళు మరచిపోలేదు. కరెంటు పోవడం వల్ల వచ్చే నష్టం చిన్నది. అసలు ప్రమాదం అది తిరిగి వచ్చేటప్పుడు ఉంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం న్యూట్రల్ తెగినప్పుడు. త్రీఫేజ్ లైన్లో కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ వైరు తెగితే, ఒక ఇంట్లో వోల్టేజి పడిపోయి పక్కింట్లో మూడొందలు దాటిపోతుంది. ఒక్కోసారి నాలుగొందల దగ్గరికి వెళ్తుంది. గాలివాన మర్నాడు మా షాపు ముందు టీవీ బోర్డులు, సెట్‌టాప్ బాక్సులు, వైఫై రౌటర్లు వరసగా వచ్చేది ఇందుకే. పాత ఫ్యాను, ట్యూబులైటు కొద్దిసేపు తట్టుకుంటాయి. టీవీ, రౌటర్ లాంటి ఎస్ఎంపీఎస్ (ఎలక్ట్రానిక్ పవర్ సప్లై) ఉన్న వస్తువులు లో వోల్టేజిని బాగానే భరిస్తాయి గానీ, హై వోల్టేజి వస్తే క్షణంలో పోతాయి. కంపెనీ వారంటీలో ఈ నష్టం కవర్ కాదు. కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఆ ముక్క రాసే ఉంటుంది.

కన్సోల్ పోతే ఎవరు బాగు చేస్తారు? మొదటి రోజు కొన్న పెట్టె గురించి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఇదే. రిపేరు చేసే మాలాంటి వాళ్ళం ఏ వస్తువునైనా నేర్చుకునేది చెడిపోయినవి చేతికొచ్చాకే. స్క్రాప్ బోర్డులు పోగవ్వాలి, వాటి నుంచి ఐసీలు, పోర్టులు తీసుకోవాలి, ఏ కాంపొనెంట్ పోతే ఏ లక్షణం కనిపిస్తుందో తెలియాలి, విడి భాగాలు ఢిల్లీ, ముంబై మార్కెట్లకి చేరి అక్కడి నుంచి మనకి రావాలి. కొత్త కన్సోల్‌కి మొదటి ఏడాది ఇవేవీ ఉండవు. పీఎస్4 హెచ్‌డీఎంఐ పోర్టు ఇవాళ విశాఖలో మంచి మొబైల్ మెకానిక్ కూడా మార్చేస్తాడు. పీఎస్5 కొత్తలో అదే పని అడిగితే పెట్టె తెరవడానికే భయపడేవారు. అందులో ప్రాసెసర్ మీద మామూలు పేస్టు బదులు లిక్విడ్ మెటల్ వాడారు. తెలియనివాడు విప్పితే ఆ లోహం కారి బోర్డు షార్టయ్యే ప్రమాదం ఉంది. కంపెనీ సర్వీసు కావాలంటే మేం విశాఖ వైపో భువనేశ్వర్ వైపో చూడాలి. కొత్త మోడల్‌కి అక్కడా విడి భాగాల కోసం ఎదురుచూపులే.

మొదటి బ్యాచుల్లో లోపాలు ఉంటాయన్నది నా ఊహ కాదు. ఎక్స్‌బాక్స్ 360 మీద మూడు ఎర్ర లైట్లు వెలిగి చచ్చిపోయే జబ్బు ఎంతగా ముదిరిందంటే, 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్ళకి పెంచి, దానికోసం వంద కోట్ల డాలర్లకి పైగా పక్కన పెట్టింది. నింటెండో స్విచ్ కంట్రోలర్ల స్టిక్ ముట్టుకోకపోయినా ఆటలో బొమ్మ దానంతటదే కదిలే రోగం గురించి కోర్టు కేసులే పడ్డాయి. అమెరికాలో ఉన్నవాడు చెడిన పెట్టెని కొరియర్‌లో పంపి, కొన్ని వారాల్లో మరొకటి తెచ్చుకున్నాడు. పర్లాకిమిడిలో ఉన్నవాడికి ఆ సౌకర్యం లేదు. కొత్త కన్సోల్ మొదటి ఏడాది కొనడమంటే పరీక్ష పూర్తికాని వస్తువుకి మన ఇల్లు ప్రయోగశాల కావడమే. సర్వీసు సెంటరు నడిచివెళ్ళే దూరంలో ఉన్నవాళ్ళు ఆ పని చేయనివ్వండి.

ఎప్పుడు కొన్నా సరే, ఈ జాగ్రత్తలు మాత్రం తీసుకోండి, అమ్మకం కోసం చెప్పడం లేదు. ఇంటి మెయిన్ దగ్గర, వోల్టేజి మితిమీరితే కరెంటు ఆపేసే ఓవర్ వోల్టేజి కటాఫ్ పెట్టించండి. ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో చూపించుకోండి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ అయితే కన్సోల్ దానికి తగిలించవద్దు, సైన్ వేవ్ ఉండాలి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి. అప్పుడు కరెంటు పోయినా ఆట ఆగనంత వేగంగా బ్యాటరీ మీదకి మారుతుంది. పీఎస్5 ఆడేటప్పుడు రెండొందల వాట్ల దాకా లాగుతుంది, టీవీ దానికి అదనం. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు లెక్కేసుకుని ఇన్వర్టర్ ఎంచుకోండి. పిడుగుల వేళ ప్లగ్ పీకేయడాన్ని మించిన రక్షణ మాత్రం ఇంకా ఏదీ రాలేదు.

మూడో సంగతి డిస్కులు. ఒక కొత్త పెద్ద పీఎస్5 ఆట వచ్చిన రోజు ధర దాదాపు అయిదు వేల రూపాయలు. అలాంటివి పది కొంటే దాదాపు కన్సోల్ ధర అయిపోయింది. మా ఊళ్ళో ఎవరూ పది కొనరు. ఒకడు కొంటాడు, అయిదారుగురు ఆడతారు. టెక్కలిలో ఉన్నవాడి డిస్కు ఇక్కడికి వస్తుంది, ఇక్కడి నుంచి గుణుపురం వెళ్తుంది. ఆడటం అయిపోయాక అమ్మేస్తే పెట్టిన దాంట్లో మంచి భాగం తిరిగొస్తుంది. చిన్నప్పుడు కేసెట్లు మార్చుకున్నట్టే ఇప్పుడు డిస్కులు మార్చుకుంటున్నాం. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే లేకపోతే మా ప్రాంతంలో ఈ ఆటలు ఆడగలిగేది ఏ కొద్దిమందో.

ఈ దారి మూసుకుపోతుందేమోనని నాకు నిజంగా బెంగగా ఉంది. పీఎస్5 ప్రోలో డిస్కు డ్రైవు లేదు, విడిగా కొనాలి. స్లిమ్‌కి విడిగా డ్రైవు తగిలిస్తే, అది పని చేయడానికి ఒకసారి ఇంటర్నెట్‌లో రిజిస్టర్ కావాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో డ్రైవే లేదు. స్విచ్ 2 కోసం వచ్చే కార్డుల్లో కొన్నిటిలో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆట మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ ప్రకటించినప్పుడు పాత డిస్కుల అమ్మకం మీద ఆంక్షలు, రోజుకోసారి ఇంటర్నెట్ చెకింగ్ పెడతామంది. జనం భగ్గుమన్నారు. జూన్ 19న ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అంటే కొనేవాళ్ళు కొనకుండా నిలబడితే కంపెనీలు వింటాయి. మొదటి రోజే డబ్బు కట్టేస్తే, షరతులన్నీ ఒప్పుకున్నట్టే లెక్క.

డిజిటల్‌లో సేల్స్ వస్తాయి, సగానికి సగం తగ్గుతుంది కదా అంటారు. నిజమే, నేనూ కొంటాను. కానీ డిజిటల్‌లో కొన్నదాన్ని తమ్ముడికి ఇవ్వలేను, అమ్మలేను. వంద జీబీ ఆట దింపుకోవడానికి మా వీధిలో ఫైబర్ లైను బాగున్న రోజు చూసుకోవాలి. వానాకాలంలో ఆ లైను ఎన్నిసార్లు తెగుతుందో ఇక్కడివాళ్ళకి తెలుసు.

మొదటి రోజు కొనాలనేవాళ్ళ పక్షాన ఉన్న మంచి మాటలు కూడా చెప్పాలి. ధర పెరగొచ్చన్నది ఒకటి, అది ముందే ఒప్పుకున్నాను. రెండోది, మొదటి మోడల్లో ఉన్న సౌకర్యాన్ని తర్వాత తీసేసిన సందర్భాలున్నాయి. పీఎస్3 తొలి మోడళ్ళు పీఎస్2 డిస్కులు ఆడించేవి, తర్వాత వచ్చిన స్లిమ్ ఆడించలేదు. మూడోది, స్నేహితులందరితో కలిసి మొదటి వారంలో ఒక కొత్త ఆట ఆడే ఆనందం. ఎవరూ కథ బయటపెట్టకముందే, ఏ మలుపులో ఏముందో ఎవరికీ తెలియనప్పుడు రాత్రంతా మేలుకుని ఆడటం. దాని విలువ డబ్బుల్లో చెప్పలేం. పందొమ్మిదేళ్ళ కుర్రాడికి అది ఎంత పెద్దదో నాకు తెలుసు. కానీ ఆ ఆనందం కొత్త ఆటలో ఉంది. దానికి కొత్త పెట్టె అక్కర్లేదు. తొలి రెండేళ్ళు పెద్ద ఆటలు రెండు తరాల మీదా వస్తున్నంత కాలం పాత కన్సోల్ మీద కూడా మొదటి రోజే ఆడొచ్చు. ఇంట్లో అసలు కన్సోలే లేని కుటుంబానికైతే నా సలహా ఇంకా సులువు. కొత్త తరం వచ్చిన రోజున పాత తరం కొనండి. అమ్మేసేవాళ్ళు అప్పుడు వరసగా ఉంటారు, ఆటలు వందల్లో ఉంటాయి.

టీవీ సంగతి చాలామంది మరచిపోతారు. మా ఇళ్ళలో ఎక్కువగా ఉన్నవి 32 అంగుళాల హెచ్‌డీ టీవీలు. 4కే, 120 హెర్ట్జ్ అని పెట్టె మీద ఎంత రాసి ఉన్నా, చూపించేది టీవీ కదా. కొత్త కన్సోల్ కొన్నాక ఆ తేడా కంటికి కనిపించాలంటే కొత్త టీవీ కావాలి. అప్పుడు ఖర్చు రెట్టింపు.

ఈఎంఐ గురించి ఒక్క మాట. నో-కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, లోపల లెక్కలో ఉండే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఒకేసారి కడితే దొరికే డిస్కౌంటు పోతుంది. మొదటి జీతం రాని పిల్లలు తండ్రి కార్డు మీద ఇలా కట్టడం చూస్తుంటే నాకు నచ్చడం లేదు.

మా మేనల్లుడితో ఇవన్నీ మాట్లాడాను. వాడు పిల్లలకి ట్యూషన్లు చెప్పి కాస్త సంపాదిస్తాడు. పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ తెరిచి నెలకి 1,500 వేయమన్నాను. అది అయిదేళ్ళ స్కీమే గానీ మూడేళ్ళ తర్వాత మూసేయొచ్చు. అప్పటికి కట్టిందే 54,000 అవుతుంది. తక్కువైతే మిగతాది నేను వేస్తానన్నాను. వాళ్ళమ్మ వెంటనే ఒప్పుకుంది. వాడు మాత్రం ఒక షరతు పెట్టాడు. వాడికి ప్రాణమైన ఫుట్‌బాల్ గేమ్ పాత కన్సోల్ మీద రావడం మానేస్తే ఆ రోజే కొనాలట. ఆ షరతు నాకు న్యాయంగానే అనిపించింది, సరేనన్నాను.

నా షరతు కూడా ఒకటి చెప్పాను. కొత్త ప్లేస్టేషన్ స్పెసిఫికేషన్లు ప్రకటించిన రోజు మేమిద్దరం ముందు చూసేది డిస్కు డ్రైవు ఉందా లేదా అని. పెట్టెలోనే ఉన్నా సరే, విడిగా దొరికినా సరే. అసలు డిస్కులే లేవంటే మూడో ఏడూ కొనం. ఆ డబ్బుతో ఒక మంచి పీసీ వస్తుందేమో చూస్తాం. పీసీ అయితే ఏ భాగం పోయినా నేనే మార్చగలను.